మొదటి బుర్ర ఎవరు తాగాలి

మొదటి సాక్షిని స్నానాల గదిలో చంపేశారు. రెండో సాక్షి సినిమాలో వేషం వేస్తానని భీష్మించుకు కూర్చున్నాడు.

"ఆ పెద్దమనిషికి మతి గానీ పోయిందా?" అన్నాడు ఏజెంట్ ఎల్బియో లరోసా.

"మతి ఉండబట్టే రెండేళ్లు బతికాడు," అంది పెర్లా మేడమ్.

మోంటెవిడియో పాత బజార్లో, టోపీల దుకాణం మీది అంతస్తులో ఆమె ఆఫీసు. కింద టోపీలు అమ్ముడుపోవు, పైన రహస్యాలు ఆగవు. కిటికీ రెక్కలు మూసి, గొంతు తగ్గించింది.

"విను అబ్బాయ్. దోన్ అర్తేమియో మన గూఢచారి శాఖలో రహస్య సంకేతాల గుమాస్తా. మన రేవుకొచ్చే ఓడల సమాచారం పరాయి దేశానికి అమ్ముతున్న ముఠా గుట్టు బయటపెట్టింది ఆయనే. ఆ ముఠా నాయకుణ్ణి కళ్లారా చూసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకడు పోయాడు. సోమవారం కోర్టులో ఈయన వేలెత్తి చూపించాలి. అందాకా ఆయన ప్రాణం నీ పూచీ."

"షూటింగ్ ఆపించండి."

"ఆపిస్తే కోర్టుకీ రానంటున్నాడు. దర్శకుడు దార్దో ఫాగుందెస్ తీస్తున్నది ఈయన కథే. ఈయన వేషం ఈయన్నే వెయ్యమన్నాడు. నిజమైన మనిషి, నిజమైన వంటిల్లు, నిజమైన భయం కావాలట!"

"నిజమైన శవం కూడా దొరుకుతుంది."

పెర్లా మేడమ్ నవ్వలేదు. సొరుగులోంచి ఒక సిగరెట్ లైటర్ తీసి బల్ల మీద పెట్టింది. లోపల కెమెరా. "హీరోయిన్ మిర్తా సునీనో మన మనిషే. ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకి కబుర్లు అందిస్తోంది. నువ్వు 'ఈ ఏడు దక్షిణపు గాలి జాస్తి' అను. 'గొడుగు కొనడం దండగ' అంటుంది. ఆ యూనిట్‌లో ఆమె ఒక్కత్తినే నమ్ము."

మర్నాడు జిగురు మీసం, నూనె మరకల చొక్కా వేసుకుని ఎల్బియో సామాన్ల మనిషిగా సెట్లో చేరాడు. సెట్ అంటే సెట్ కాదు. ఒక పాత ఇల్లు అద్దెకి తీసుకున్నారు. వంటింట్లో పెచ్చులూడిన గోడ, కారే కుళాయి. కుళాయి బాగు చెయ్యబోతే దార్దో కయ్యిమన్నాడు.

"ముట్టుకోకు! ఆ చుక్క చప్పుడు కోసమే ఈ కొంప తీసుకున్నా."

"సార్, కథ చదివాను. ఒక్క తుపాకీ కూడా పేలదేంటి సార్? కారు ఛేజింగ్ అన్నా లేదు."

"చింపేశా. తుపాకీ పేలితే జనం చెవులు మూసుకుంటారయ్యా. పేలుతుందేమో అనుకుంటే ఊపిరి బిగబట్టుకుంటారు. పక్కింటావిడ ఉప్పు కోసం తలుపు తట్టినా ఉలిక్కిపడాలి. ఇంటికెళ్లాక గడియ వేశామా లేదా అని మళ్లీ లేచి చూసుకోవాలి. అదీ గూఢచారి సినిమా!"

ఎల్బియో కుళాయి వదిలేశాడు. పన్నెండేళ్లుగా తాను చేస్తున్న పని అచ్చం అదే. దానికి టికెట్ కొని చూసేవాళ్లు ఉంటారని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

మిర్తా మెట్ల మీద ఎదురైంది. అందగత్తె, అనుమానం లేదు. ఆమె నడిచొస్తుంటే లైట్ల వాళ్లు వైర్లు ఒకటి బదులు ఒకటి కలిపేసేవారు.

"ఈ ఏడు దక్షిణపు గాలి జాస్తి," అన్నాడు.

"గొడుగు కొనడం దండగ," అంది ఆమె. ఆ తరవాత పెదవులు కదపకుండా, "కెమెరామన్ మీద కన్నేసి ఉంచు. ముసలాయన మీంచి చూపు తిప్పడం లేదు," అంది.

నిజమే. కెమెరామన్ లిండ్ పరాయి దేశం వాడు. ఆరడుగుల పైమాటే. మాట్లాడడు, నవ్వడు. రోజంతా దోన్ అర్తేమియోనే చూస్తాడు. కెమెరామన్ ఇంక ఎవర్ని చూస్తాడు అని అడగొచ్చు మీరు. అనుమానం పట్టుకున్నవాడికి ఆ ఇంగితం ఉంటుందా? లిండ్ పెట్టె వెతికాడు ఎల్బియో. నల్లటి లోహపు గొట్టం దొరికింది. లైటర్‌తో ఫొటో తీశాడు. అది లెన్సు డబ్బా అని తేలింది. మళ్లీ వెతికాడు. సీసాలో తెల్లటి మాత్రలు. అవి కడుపుమంటకి. అయినా అనుమానం తగ్గలేదు సరికదా, ఇంత శుభ్రంగా ఉన్నాడంటే ఘటికుడే అనుకున్నాడు.

షూటింగ్ చివరి రోజు శనివారం. మేకప్ గదిలో దోన్ అర్తేమియో ఒక్కడే కూర్చుని టై సరిచేసుకుంటున్నాడు.

"దోన్, ఈ ఒక్క సీనూ వదిలెయ్యండి. వేరేవాళ్లతో కానిస్తారు," అని బతిమాలాడు ఎల్బియో.

"నాయనా, నీ మీసం ఊడుతోంది," అన్నాడు ముసలాయన. ఎప్పుడో కనిపెట్టేశాడన్న మాట! "రెండేళ్లు ఎలకలా దాక్కున్నాను. నా భార్య పోతే మట్టి చెయ్యడానికి కూడా వెళ్లనివ్వలేదు మీరు. పిరికివాడు, పారిపోయాడు అన్నారు జనం. ఒక్కసారి వాళ్ల ముందు నా మొహంతో నేను నిలబడాలి. చస్తే చస్తాను."

ఎల్బియో మీసం అదుముకున్నాడు.

సీను ఇదీ. స్నేహితురాలి వేషంలో ఉన్న శత్రు గూఢచారిణి, అంటే మిర్తా, వంటింట్లో ఆయనకి మాతే ఇస్తుంది. ఎండు సొరబుర్రలో ఆకు వేసి, వేణ్ణీళ్లు పోసి, గొట్టంతో పీల్చే చేదు పానీయం అది. ఇద్దరే మనుషులు, వంతులవారీగా తాగడానికి ఒక్క బుర్ర. ఆకు ఎల్బియోనే నింపాడు. ఫ్లాస్కులో వేణ్ణీళ్లు తానే పోశాడు. ఒక బుర్ర తానే తాగి చూసి, ఆ ఆకు పారబోసి, కొత్త ఆకు వేశాడు. ఇక ఏ దిక్కునుంచీ ప్రమాదం లేదని నిమ్మళించాడు.

"ఈ గొట్టం సత్తుదిలా ఉంది. కెమెరాలో వెలవెలబోతుంది. మా అమ్మమ్మ వెండిది తెచ్చాను," అంది మిర్తా.

"భేష్!" అన్నాడు దార్దో. ఆమె పాత గొట్టం తీసేసి వెండిది గుచ్చింది. ఎల్బియో అటు చూశాడు, చూసి వదిలేశాడు. మన మనిషే కదా! అతని చూపంతా లిండ్ చేతుల మీదే.

కెమెరా తిరిగింది. కుళాయి చుక్క చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. మిర్తా నీళ్లు పోసి బుర్ర అందించింది. దోన్ అర్తేమియో అందుకున్నాడు. గొట్టం పెదవుల దాకా వెళ్లింది.

"కట్! కట్! కట్!" దార్దో కుర్చీ తన్నేసి లేచాడు. "ఏమిటమ్మా ఇది? ఆకు ఇంకా పొడిగా, గుట్టగా ఉంది. ఇది మొదటి బుర్ర!"

"అయితే?" అంది మిర్తా.

"అయితేనా! మొదటి బుర్ర చుట్టానికిస్తావా? చేదు విషం, నోటినిండా పొడి. నీళ్లు పోసినవాళ్లే అది తాగి, రెండోది ఎదటివాళ్లకివ్వాలి. ఏ ఊళ్లో పుట్టావమ్మా తల్లీ?"

"సినిమాలో ఎవరు చూస్తారండీ అంత పరీక్షగా?"

"హాలు నిండా మనవాళ్లే చూస్తారు! ఒక్క పిస్తోలులోంచి యాభై గుళ్లు పేలినా క్షమిస్తారు. ఇది క్షమించరు. ఇది తప్పయితే తక్కినదంతా అబద్ధమే అంటారు. తాగు. నువ్వు ఆ చేదు మింగి ఆయనకి మంచిది ఇస్తుంటే జనం నిన్ను నమ్మేస్తారు. నమ్మాక నువ్వు చంపితే వాళ్ల గుండె ఆగిపోవాలి. కానీ, తాగు!"

"పొద్దున నా నాలిక కాలింది. సామాన్ల అబ్బాయిని పారబోసి మళ్లీ పొయ్యమనండి."

"ఒక్క గుక్కే కదా."

"తాగనన్నానా!"

ఆ గొంతులో వణుకు ఎల్బియోకి అప్పుడు తగిలింది. ఆకు తనది. నీళ్లు తనవి. తనది కానిది ఒకటే, ఆ వెండి గొట్టం. ఓరి నా దద్దమ్మ బుర్రా!

"అబ్బబ్బ, దీనికింత రాద్ధాంతమా! చల్లారిపోతోంది, నేనే తాగేస్తా," అంటూ దోన్ అర్తేమియో బుర్ర ఎత్తాడు.

ఎల్బియో బల్ల మీదుగా దూకాడు. చేత్తో కొట్టిన దెబ్బకి బుర్ర గోడకి తగిలి ముక్కలైంది. ముసలాయన్ని కుర్చీతో సహా వెనక్కి పడేసి మీద అడ్డంగా పడ్డాడు. తలెత్తి చూసేసరికి మిర్తా చేతిలో బుల్లి పిస్తోలు.

"మీసం నీకు నప్పలేదు ఎల్బియో," అంది.

అంతలో ఆమె తల మీద నల్లటి గుడ్డ పడింది. కెమెరా మీద కప్పే గుడ్డ. లిండ్ ఆమెని వెనకనుంచి రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. పిస్తోలు పైకప్పులోకి పేలింది. పెచ్చులు జలజలా రాలాయి.

"తుపాకులు వద్దని చెప్పానా లేదా!" అని నెత్తి బాదుకున్నాడు దార్దో.

ఎల్బియో ఆమె చేతులకి బేడీలు వేశాడు. లిండ్ మొదటిసారి నోరు విప్పాడు. "నా పెట్టె వెతికినవాళ్లు మాత్రల సీసా మూత సరిగ్గా పెట్టలేదు," అన్నాడు, అంతే.

గొట్టం అడుగు బుడిపెలో దట్టించిన విషం ఒక్క గుక్కకి చాలునని పరీక్షలో తేలింది. "దాన్ని చేర్చుకుంది నేనే," అంది పెర్లా మేడమ్. ఆ రోజంతా కిటికీ తెరవలేదు.

సోమవారం కోర్టులో దోన్ అర్తేమియో లేచి నిలబడి, గొప్ప ఓడల వ్యాపారి ఒకణ్ణి వేలెత్తి చూపించాడు. చెయ్యి వణకలేదు. ముఠా మొత్తం కటకటాల వెనక్కి వెళ్లింది.

సినిమా వసంతంలో విడుదలైంది. కొత్త హీరోయిన్‌తో మళ్లీ తీశారు. దార్దో ఊరుకుంటాడా, కథలో ఒక ఏజెంట్‌ని, ఒక కెమెరామన్‌ని కూడా ఇరికించాడు. ఎల్బియో, దోన్ అర్తేమియో పక్కపక్కన కూర్చున్నారు. వంటింటి సీను వచ్చింది. హీరోయిన్ మొదటి బుర్ర తానే తాగి, ముఖం చిట్లించి, రెండోది నింపి ఇచ్చింది. హాలంతా కిక్కురుమనలేదు. ముందు వరసలో ఒక పెద్దావిడ ఉండబట్టలేక, "తాగకు నాయనా!" అని అరిచేసింది. దోన్ అర్తేమియో కళ్లు తుడుచుకున్నాడు.

దీపాలు వెలిగాక వెనక సీటాయన గట్టిగా పెదవి విరిచాడు. "అంతా నిజంలాగే ఉందండీ. ఆ ఏజెంట్ ఒక్కడే అతకలేదు. కళ్లెదురుగా ఉన్నదాన్ని వదిలేసి కెమెరామన్ వెంట పడతాడా! అంత మొద్దు గూఢచారి ఎక్కడైనా ఉంటాడా?"

ఎల్బియో టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు. దోన్ అర్తేమియో అతని భుజమ్మీద చెయ్యేసి వెనక్కి తిరిగాడు.

"ఉంటాడు బాబూ. నేను ఇవాళ ఊపిరితో ఉన్నానంటే ఆ మొద్దు వల్లే."