ఇరవైమూడో రిఫరెన్సు

ఉత్తర నార్వేలో, డిసెంబరులో మా ఊళ్ళో సూర్యుడు రాడు. మధ్యాహ్నం రెండింటికి కూడా కిటికీ అవతల చీకటే. ఆ శుక్రవారం నాలుగింటికల్లా మా పరిశోధన కేంద్రం నిధుల దరఖాస్తు ఓస్లో చేరాలి. నిధులు రాకపోతే సముద్రపు పాయ మీద మంచు మందం కొలిచే పని ఆగిపోతుంది. నాతో సహా ముగ్గురం ఇంటికే.

"రిఫరెన్సులు నీవి, గూరో," అంటూ నాకిచ్చిన పని చిన్నదే. చివర్లో ఉన్న రిఫరెన్సుల జాబితాని నిధులిచ్చేవాళ్ళడిగిన పద్ధతిలో సర్దాలి. ముందు ఇంటిపేరు, తర్వాత పొడి అక్షరాలు, సంవత్సరం, శీర్షిక, పేజీలు. పోయినేడు కామాలు సరిగా లేవనే వెనక్కి పంపారు. నలభైలో ముప్పై తొమ్మిది కుదిరాయి. ఇరవైమూడోదే మొండికేసింది. 1986 నాటి నివేదిక. రాసింది ఇద్దరు: ఎప్పుడో చనిపోయిన ఔనె అనే ఆయన, మా పెద్దాయన హాల్వర్ మోయెన్. పేజీల నంబర్లు లేవు.

హాల్వర్‌ని అడిగితే కాఫీ కప్పులోంచి తలెత్తకుండానే తీసెయ్యమన్నారు. మన లెక్కలన్నీ దానిమీదే నిలబడ్డాయి కదా అన్నాను. కప్పు తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయారు.

పాత నివేదికలు నేలమాళిగలో ఉంటాయి. వాటిని చూసుకునేది ఒడ్నీ. మెట్లు దిగుతుంటే తడిసిన ఉన్ని వాసన వచ్చింది, దాని వెనకే సముద్రపు నాచు వాసన. అరల అటువైపు ఎవరో కాగితాలు తిప్పుతున్నారు. ఒడ్నీయే అనుకున్నాను.

"ఒడ్నీ, ఎనభయ్యారు నివేదిక పేజీలు కావాలి."

"పన్నెండు నుంచి ముప్పై ఒకటి." గుసగుసగా వచ్చింది జవాబు. నోట్లో నీళ్ళు పెట్టుకుని మాట్లాడినట్టుంది. జలుబు చేసిందేమో అనుకుని రాసుకున్నాను.

"పేర్లు కూడా రాసుకో."

"రెండూ ఉన్నాయి," అన్నాను.

"మూడు."

కాగితాల చప్పుడు ఆగిపోయింది.

"సేటర్... బి."

పుస్తకాల సందులోంచి వంగి చూశాను. అటువైపు ఎవరూ లేరు... నివేదిక ఒక్కటే తెరిచి ఉంది. దాని మీద మంచు పలుకులు. అప్పుడే పగలగొట్టినట్టు పదునుగా... కరగకుండా...

జేబులో ఫోను మోగింది. ఒడ్నీ. మంచుకి బస్సు రాలేదట, ఇంట్లోనే ఉన్నానంది.

పైకి ఎలా వచ్చానో తెలియదు. పేజీల కింద 'సేటర్ బి.' అని రాసి, ఆ చీటీ హాల్వర్ ముందు పెట్టాను. చదివారు. లేచి తలుపు మూశారు. చెప్పడానికి మాత్రం ఎక్కువసేపు పట్టలేదు.

ఆ ఏడు శీతాకాలమంతా మంచుకి బెజ్జాలు వేసి కొలిచింది బోర్గిల్ సేటర్ అనే ఆవిడ. మార్చిలో ఒకరోజు, మంచు కింద చప్పుడవుతోంది, ఈ పూటకి వద్దంది. ఇంకొక్క వరస బెజ్జాలే కదా అని ఈయనా ఔనె కలిసి పంపించారు. వాళ్ళిద్దరూ గుడిసెలో కాఫీ కాచుకుంటున్నారు. మంచు విరిగి ఆమె నీళ్ళలో పడిపోయింది, శవం దొరకలేదు. నివేదికలో ఆమె పేరుంటే, అక్కడికి ఎవరు పంపారని అడుగుతారు. అందుకని పేరు తీసేశారు.

"ముప్పై ఎనిమిదేళ్ళు," అన్నారు హాల్వర్. "ఆమె కొలిచిన కొలతల మీదే బతికాను, గూరో."

"రాయనా మరి?"

"రాయి. మొదటి పేరు ఆమెదే పెట్టు."

నివేదికకి సవరణ లేఖ తనే రాసి, ఆమె ఎలా పోయిందో అందులో పెట్టి, సంతకం చేసి జతచేశారు. ఆ కాగితంతో తన పరువూ పింఛనూ పోవచ్చని ఇద్దరికీ తెలుసు. నాలుగుకి పది నిమిషాలుండగా దరఖాస్తు పంపించాను. ఆయన కోటు వేసుకుని చీకట్లోకి వెళ్ళిపోయారు.

సోమవారం ఉదయం నిధుల కార్యాలయం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. అన్నీ పద్ధతిగా ఉన్నాయట, దరఖాస్తు పరిశీలనకి వెళ్ళిందట. ఊపిరి పీల్చుకున్నాను.

"మీ దగ్గర పనిచేసే ఆవిడ శుక్రవారం సాయంత్రం ఫోన్ చేశారండీ, థాంక్స్ చెప్పడానికి," అంది.

"ఎవరావిడ?"

"పేరు సరిగా వినపడలేదు, లైన్లో ఒకటే నీళ్ళ హోరు. మిగతా ఊళ్ళలో ఈ రిఫరెన్సుల జాబితాలు ఎవరెవరు తయారు చేస్తున్నారో అడిగారు. చెప్పాను."

ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"అన్నట్టు, ఆ రోజు మీ ఆఫీసులో ఏమైనా పార్టీ ఉందా?" అంది ఆ అమ్మాయి. "ఆవిడ వెనక చాలామంది... అందరూ ఒకేసారి తమ పేర్లు చెప్తున్నారు."