మూడుకీ నాలుగుకీ మధ్య

లీడ్స్‌లోని ఆ రికార్డుల షాపు పెద్దదేం కాదు. మధ్యనున్న రెండు అరల్ని గోడవారకి జరిపితే ముగ్గురు నిలబడి వాయించేంత చోటు దొరికింది. శుక్రవారం మిట్టమధ్యాహ్నం. బయట నవంబరు జల్లు. లోపల తడిసిన కోట్ల వాసన, కొత్త అట్టల వాసన, కౌంటరు వెనక ఎవరో కాచుకుంటున్న టీ వాసన. 'గ్రే ఫెర్రీ' బ్యాండు రెండో ఆల్బం ఆ పొద్దున్నే విడుదలైంది. కొన్నవాళ్లు రికార్డుల్ని ఛాతీకి హత్తుకుని అరల మధ్య ఇరుక్కుని నిలబడ్డారు.

బ్రయొనీ బేస్ గిటార్ భుజానికి తగిలించుకుంది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోవడానికి మాత్రం చెయ్యి లేవలేదు.

"పెట్టుకోవే, జనం చూస్తున్నారు," అన్నాడు రూఫస్. పాటలు రాసేదీ పాడేదీ అతనే.

పెట్టుకుంది.

హల్ ఊళ్లో, తివాచీల కొట్టు మేడ మీద గదిలో పుట్టిన బ్యాండు అది. రూఫస్, బ్రయొనీ, డ్రమ్స్ మీద కీరన్. మొదటి ఏడాదంతా పబ్బుల్లో, బాత్రూం తలుపు పక్కన నిలబడి, బీరు కోసం ఎగబడేవాళ్ల వీపులకి పాడారు. ఆ తర్వాత ఒక చిన్న ఆల్బం, కాస్త పెద్ద హాళ్లు, ఒక పాత తెల్ల వ్యాన్. ఎక్కడ వాయించినా ఒకటే పద్ధతి. పాటకి ముందు కీరన్ గొంతెత్తి లెక్క పెడతాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ వెంటనే అందరూ అందుకుంటారు.

సామాన్లు ఎక్కించడానికీ ఒక పద్ధతి ఉండేది. అన్నిటికన్నా బరువైన బేస్ స్పీకరు ఆఖర్న ఎక్కాలి. దాన్ని ఎక్కించిన మనిషే వ్యాన్ వెనక తలుపు మూసి గొళ్లెం పెట్టాలి. అంటే బ్రయొనీ. కీరన్ స్టీరింగు ముందు కూర్చుని, వెనక్కి తిరక్కుండానే అడిగేవాడు, "తలుపేశావా, బ్రై?" అని. "వేశా" అని ఆమె అన్నాకే బండి కదిలేది.

నాలుగేళ్ల కిందట షెఫీల్డ్‌లో కీరన్ అలాగే అడిగాడు. ఆమె చేతులు చలికి కొంకర్లు పోయి ఉన్నాయి. తలుపు దగ్గరికి లాగింది గానీ గొళ్లెం పెట్టలేదు. అప్పటికే ముందు సీట్లో ముడుచుకుని కూర్చుంది, రూఫస్ వెనక సీట్లో ఉన్నాడు. మళ్లీ దిగబుద్ధి కాలేదు.

"వేశా," అంది.

అరగంట పోయాక వెనక తలుపు టప్పు టప్పుమని కొట్టుకోవడం మొదలైంది. కీరన్ బండి పక్కకి ఆపాడు. "నీ స్పీకరు దొర్లిపోతే రేపట్నుంచి గరిటె వాయిద్దువుగాని," అని నవ్వుతూ దిగాడు. వెనక నుంచి వచ్చిన లారీకి అతను కనబడలేదు.

గొళ్లెం దానంతటదే ఊడిందని అందరూ అనుకున్నారు. బ్రయొనీ అలాగే అనుకోనిచ్చింది.

బ్యాండు ఆగిపోతుందనే అనుకున్నారు. ఏడాది తర్వాత రూఫస్ ఒక పనిచేశాడు. పాత రికార్డింగులన్నీ వెతికి, వాటిలోంచి కీరన్ లెక్కల్ని మాత్రం కత్తిరించి తీశాడు. కొత్త పాటలన్నీ ఆ లెక్కతోనే మొదలవ్వాలన్నాడు. వేదిక మీద అది వాళ్ల చెవుల్లోనూ హాలు స్పీకర్లలోనూ వినిపిస్తుంది, రికార్డులో ప్రతి పాట ముందూ ఉంటుంది. డ్రమ్స్‌కి పెట్రా అనే పిల్ల కొత్తగా వచ్చింది. పోయినవాడి కొలతకి అచ్చుగుద్దినట్టు వాయించేది. సంగతి జనానికి తెలిసింది. హాళ్లు నిండాయి. రానురాను పాటకి ముందు జనమే కీరన్‌తో కలిసి గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఎనిమిదేళ్ల కష్టానికి దక్కిన పేరంతా ఆ నాలుగు అంకెల మీద నిలబడింది.

ఈ వసంతంలో బ్రయొనీకి మొదటిసారి తేడా తెలిసింది. మూడుకీ నాలుగుకీ మధ్య కాస్త ఎక్కువ ఖాళీ... ఊపిరి పీల్చుకునేంత. రూఫస్‌కి చెప్తే లాప్‌టాప్ తెరిచి ఆ శబ్దం గీతని చూపించాడు. నాలుగు మొనలు, సమానమైన దూరంలో. మధ్యన చదునైన గీత. ఏమీ లేదు.

జూన్‌లో ఆ ఖాళీలో గాలి వినిపించింది. ఆగస్టులో, గాలితో పాటు, దూరంగా ఇనుము మీద ఇనుము. టప్పు.

ఆ లెక్క తీసేద్దామని ఒకసారి అడిగి చూసింది.  "అది తీస్తే వాడు నిజంగానే పోతాడు," అన్నాడు రూఫస్. ఎందుకు తీయాలో చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి. ఆమె నోరు మూసుకుంది. నెలకి ఇరవై ఊళ్లు, ఊరికి పన్నెండు పాటలు. పాట పాటకీ ఆ ఖాళీలోకి తల పెట్టి నిలబడటమే.

షాపులో జనం నవ్వుతూ మొదలుపెట్టారు. ఒకటి... రెండు... మూడు...

ఆమె చెవిలో గాలి. టప్పు. ఆపైన, వెనక్కి తిరక్కుండా మాట్లాడే మనిషి గొంతు.

"తలుపేశావా, బ్రై?"

నాలుగు అన్నారు. పాట మొదలైంది. బ్రయొనీ వేళ్లు తీగల మీద అలాగే ఉండిపోయాయి. సగం పాట అయ్యాక గానీ ఆమె అందుకోలేకపోయింది.

తర్వాత రికార్డుల మీద సంతకాలు పెడుతూ రూఫస్ కళ్లతోనే ఏమైందని అడిగాడు. తీగ జారిందని చెప్పింది. సాయంత్రం మాంచెస్టర్‌లో ఉంది అసలు కచేరీ. ఇంతవరకూ వాళ్లు ఎక్కని పెద్ద హాలు, ఒక్క టికెట్టు మిగల్లేదు. ఇవాళ గిటార్ కింద పెట్టేస్తే ముగ్గురి బతుకూ అక్కడితో ఆగుతుంది.

స్పీకరు ఆఖర్న ఎక్కించింది. తలుపు మూసింది. గొళ్లెం పెట్టింది. దానికి తాళం కప్ప వేసి మూడుసార్లు లాగి చూసింది.

"ఆ కప్పని పెళ్లి చేసేసుకో ఇంక," అంది పెట్రా.

అది కీరన్ నడిపిన వ్యానే. ముందు ముగ్గురూ పక్కపక్కన కూర్చున్నారు, రూఫస్ స్టీరింగు దగ్గర, పెట్రా మధ్యన. కీరన్ పోయిన దగ్గర్నుంచి బండిలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగకూడదని ఎవరూ చెప్పుకోలేదు కూడా. పెట్రాకి అసలు అలాంటి ప్రశ్న ఉండేదనే తెలియదు. రూఫస్ తాళం తిప్పబోతుంటే పెట్రా, ఎదుట అద్దంలోకి చూస్తూ, తాపీగా అడిగింది.

"తలుపేశావా, బ్రై?"

ఆమెనెప్పుడూ పెట్రా అలా పిలిచి ఎరగదు. రూఫస్ చెయ్యి ఆగిపోయింది.

"వేశా," అంది బ్రయొనీ. ఈసారి నిజమే.

"ఏం వేశావ్?" అంది పెట్రా, అప్పుడే మెలకువ వచ్చినట్టు.

కొండల మీదకి ఎక్కేసరికి నాలుగు కావస్తోంది. పొగమంచు రోడ్డు మీదకి దిగింది. ముందున్న బళ్ల ఎర్రదీపాలు మసకేసి కనబడుతున్నాయి. తడి ఉన్ని వాసన, డీజిల్ వాసన.

టప్పు.

రూఫస్ వేగం తగ్గించాడు.

టప్పు... టప్పు.

"ఆపకు," అంది బ్రయొనీ.

అప్పటికే అతను పక్కకి తీసి ఆపేశాడు. బెల్టు విప్పుకుంటున్నాడు. అతను దిగాల్సింది రోడ్డు వైపుకి. బ్రయొనీ పెట్రా మీదుగా వంగి అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. గుప్పిట వదల్లేదు. నాలుగేళ్లుగా మింగుతున్న మాట ఒక్కసారిగా బయటికి వచ్చేసింది. గొళ్లెం ఊడలేదని, తాను పెట్టనేలేదని, దిగడానికి బద్ధకించి వేశానని చెప్పానని. కీరన్ దిగుతున్నప్పుడు కూడా నోరు విప్పలేదని.

రూఫస్ అద్దంలోకి చూస్తూ ఉండిపోయాడు. వెనక నుంచి ఏదో లారీ మంచులోంచి ఉరుముతూ దాటిపోయింది. వ్యాన్ మొత్తం ఊగింది.

"నాకు తెలుసు," అన్నాడు.

పెట్రా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"నేను వెనక సీట్లో ఉన్నా కదా. తలుపు సందులోంచి వీధి దీపం కనబడుతూనే ఉంది. చలేసింది. ఎవరో ఒకరు దిగుతారులే అనుకున్నా."

చప్పుడు ఆగిపోయింది.

బ్రయొనీ తన వైపు నుంచి, రోడ్డుకి ఎడంగా దిగింది. వద్దని ఎవరూ అనలేదు. రోడ్డు పక్క కంచె పట్టుకుని వెనక్కి నడిచింది. గొళ్లెం పెట్టినది పెట్టినట్టే ఉంది. కప్ప వేసినది వేసినట్టే ఉంది. దాని మీద వాన చుక్కలు కూడా చెదరలేదు. కాసేపు అక్కడే నిలబడింది. చెప్పేశాం కదా, ఇద్దరమూ చెప్పేశాం కదా అనుకుంది. గుండెల మీంచి ఏదో దిగినట్టే అనిపించింది. తిరిగి వచ్చి కూర్చుంది. రూఫస్ ఏడుస్తూనే నడిపాడు.

మాంచెస్టర్ హాల్లో ఎనిమిది వందల మంది. వేదిక ఎక్కే ముందు రూఫస్ ముగ్గురి ఇయర్‌ఫోన్‌లూ తీసుకుని పెట్టెలో పడేశాడు. లాప్‌టాప్ మూసేశాడు.

"ఇవాళ నువ్వే లెక్కపెట్టు," అన్నాడు పెట్రాతో. "వాణ్ణి ఇంక పోనిద్దాం."

దీపాలు ఆరాయి. చెవులు ఖాళీగా, తేలిగ్గా ఉన్నాయి. ఎన్నాళ్ల తర్వాతో బ్రయొనీ వేళ్లు వెచ్చబడ్డాయి. పెట్రా కర్రలు పైకెత్తింది. ఆమె నోరు తెరిచేలోపే జనం అందుకున్నారు, ఎప్పటిలాగే.

"ఒకటి."

ముందు వరసలో ఒక అమ్మాయి కొత్త రికార్డుని గుండెకి అదుముకుని, కళ్లు మూసుకుని అంటోంది.

"రెండు."

"మూడు."

అక్కడ ఆగారు. ఎనిమిది వందల మంది... ఒక్కసారే. దగ్గు లేదు. అడుగు చప్పుడు లేదు. హాల్లోకి చల్లగాలి వచ్చింది. డీజిల్ వాసనతో.

తర్వాత అందరూ కలిసి, ఆ పాట మొదట్నుంచీ అలాగే ఉన్నట్టు, ప్రేమగా, కంఠతా వచ్చిన మాటలా అడిగారు.

"తలుపేశావా, బ్రై?"

నాలుగు రాలేదు. పెట్రా కర్రలు గాల్లోనే ఉన్నాయి, కిందికి దిగడం లేదు. రూఫస్ బ్రయొనీ వైపు తిరిగాడు.  జనం నవ్వు ముఖాలతో ఎదురు చూస్తున్నారు. ఆమె సమాధానం చెప్పాలి. చెప్పేదాకా ఏదీ కదలదు.

ఏం చెప్పాలి... వేశాననా... వెయ్యలేదనా...

జనం వెనక, హాలు చివర, పెద్ద ఇనుప తలుపు ఉంది. సామాన్లు దింపాక ఆమే దాన్ని మూసింది. మూడుసార్లు లాగి చూసింది.

ఇప్పుడు దాని గొళ్లెం, ఎవరూ ముట్టుకోకుండానే, మెల్లగా పైకి లేస్తోంది.