ఏడో రోజు పూసిన రంగు

మేడమీద రొట్టె పిండిముద్దలు ఎండకు పొంగుతున్నాయి. ఎనిమిదో నెల పొట్టతో రావియా వంగి ఒక్కోదాన్నీ తిప్పుతోంది. అత్తగారు బహియ్యా నీడలో కూర్చుని టీ తాగుతూ చూస్తోంది.

"మెల్లిగానే కానీ తల్లీ. నువ్వు తిప్పేసరికి సూర్యుడు ఇంటికెళ్ళిపోతాడు."

రావియా నవ్వలేదు. నిన్నటి సంగతి మనసులో గుచ్చుకుంటూనే ఉంది. కాలవ అవతల బహియ్యా మేనల్లుడు మొంతసిర్ చిన్న ప్రసూతి క్లినిక్ తెరిచాడు. నిన్న అత్తాకోడళ్ళు అక్కడికి వెళ్తే, "మొదటి కాన్పులో రక్తం ఎక్కువ పోయిందా?" అని అతను రావియానే అడిగాడు. జవాబు బహియ్యా చెప్పింది. "పోవడమా! వెన్నలో వేలు దించినట్టు కన్నది. బిడ్డ పుట్టిన ఏడో రోజు వేడుకలో నేను చూశానుగా, బుగ్గలు దానిమ్మ గింజల్లా ఉన్నాయి." డాక్టరు అదే రాసుకున్నాడు. అత్త పక్కనుండగా కోడలు తన ఒంటి సంగతి తనే చెప్పుకుంటే సిగ్గులేనిదంటారు. రావియా తల దించుకుని వచ్చేసింది.

"అత్తమ్మా, నేను సొహాగ్ పెద్దాసుపత్రిలో కంటాను."

బహియ్యా గ్లాసు కింద పెట్టింది. "రాణీగారికి పట్నం పురుడు కావాలేం! మావాడి గోడల రంగు నచ్చలేదా?"

"మొంతసిర్ దగ్గర రక్తం నిల్వ ఉండదు."

"నీకు రక్తమెందుకే? కోయడానికి నువ్వేమైనా కోడివా?"

మెట్ల దగ్గర నిలబడి విన్న భర్త ఖలఫ్, "మొంతసిర్ చిన్నబుచ్చుకుంటాడు రావియా" అని గొణిగి, చెప్పులు తొడుక్కుని జారుకున్నాడు. ఆ ఇంట్లో మీసాలకు మాత్రం లోటు లేదు.

మధ్యాహ్నం రావియా తల్లి నజ్లా బుట్టనిండా బియ్యం కూరి వేయించిన పావురాలతో వచ్చింది. బహియ్యా గుమ్మంలోనే పట్టుకుంది.

"రా వదినా! నీ కూతురి నాటకం చూద్దువుగాని. మొదటి కాన్పు పుట్టింట్లో, నీ చేతుల మీదే కదా? ఏమైనా అయిందా?"

నజ్లా బుట్ట మీది గుడ్డ సర్దింది. "ఏముంది... తేలిగ్గానే..."

"అమ్మా!" రావియా అరిచింది. "ఆసుపత్రిలో నాకు రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఏడో రోజు కూర్చోలేకపోతే వెనక దిండ్లు పెట్టి, నా బుగ్గలకి నీ చేత్తోనే రంగు పూశావు. ఈసారి పూయడానికి నేనే మిగలకపోతే?"

నజ్లా నేలమీద కూలబడింది. "దీని చెల్లెళ్ళకి పెళ్ళిళ్ళు కావాలి వదినా. కాన్పు పడని వంశమని పేరొస్తే ఎవరు చేసుకుంటారు? మా అమ్మ కూడా తమ్ముణ్ణి కని, రక్తం ఆగకే పోయింది. ఊళ్ళో జ్వరమని చెప్పాం."

అమ్మమ్మ ఎలా పోయిందో రావియాకు అప్పుడే తెలిసింది.

"ఛీ!" అంది బహియ్యా. "నువ్వు శవానికైనా రంగు పూసి పీట మీద కూర్చోబెట్టేదానివే." అంతలోనే తన నోటి మీద తనే కొట్టుకుంది. "నేను మాత్రం? పిల్లనడిగితే నేను వాగాను. నీ అబద్ధాన్ని బల్లగుద్ది మరీ చెప్పొచ్చాను."

ఆమె ఫోను అందుకుంది. "ఒరేయ్ మొంతసిర్! నేను చెప్పింది తప్పు. దీనికి కిందటిసారి రక్తం ఆగలేదు, దీని అమ్మమ్మ అలాగే పోయింది. అలిగితే అలుగు, పెద్దాసుపత్రికి చీటీ రాయి... ఏంటీ? నిన్న చెప్పుంటే నిన్ననే పంపేవాడివా?"

ఫోను పెట్టేసి వీధివైపు కేకేసింది. "నా కొడుకుల్ని పిలవండి! దున్నపోతుల్లా తింటున్నారు, రక్తమైనా ఇస్తారు. ముందు ఆ ఖలఫ్‌ని పడుకోబెట్టాలి. ఏడవకు వదినా, నువ్వూ బయల్దేరు."

తర్వాత రావియాను పక్కన కూర్చోబెట్టుకుని, తన నల్ల ముసుగు కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది.

"ఆరోజు ఏం జరిగిందో మొత్తం చెప్పు. నేను నోరు మూసుకుంటా."

"మూయగలరా అత్తమ్మా?"

"ప్రయత్నిస్తానే."

రావియా చెప్పింది. బహియ్యా కొంగు పళ్ళ మధ్య కొరికిపట్టుకుని, కన్నీళ్ళు కారుతున్నా, ఒక్క మాటకీ అడ్డురాకుండా చివరిదాకా విన్నది.