ప్రాణసూచి చెప్పిన రెండో పేరు

చంద్రుడి మీద నెత్తురు వేగంగా నేల రాలదు. గాయం దగ్గర పెద్ద పెద్ద బొట్లుగా ఉబ్బి, నింపాదిగా కిందికి దిగుతుంది. భూమి మీద చదువుకున్న వైద్యుల కళ్లు మొదట్లో అక్కడ మోసపోయేవి. అందుకే తెల్లమిట్ట గనుల ఆసుపత్రిలో గోడకు ప్రాణసూచిని బిగించారు. మనిషిని తాకకుండానే అది రాడార్‌తో గుండె చప్పుడునీ, పరారుణ కెమెరాతో చర్మంలోని వేడినీ చదువుతుంది. ఎవరి అవయవాలకు రక్తం చాలడం లేదో, అంటే ఎవరు షాక్‌లోకి జారుతున్నారో, ఆ మనిషికే తెలియకముందు చెప్పేస్తుంది.

దాన్ని తయారుచేసింది డాక్టర్ ఏలియా. అతనికి గాయాల వైద్యం నేర్పింది డాక్టర్ కాదంబరి. ఒకప్పుడు ప్రమాదం జరిగితే అందరూ ఆమె ముఖంకేసి చూసేవారు. ఇప్పుడు గోడకేసి చూస్తున్నారు. ఏలియా ఎదురుపడి “మేడం” అని నవ్వినప్పుడల్లా ఆమె చూపు తిప్పుకునేది. ఆ యంత్రం ఒక్కసారైనా తప్పు చెప్పాలనీ, ఆ తప్పును అతను తన నోటితో ఒప్పుకోవాలనీ చాలాకాలంగా కాచుకుని ఉంది.

ఆ రోజు గనిలో ఆక్సిజన్ గొట్టం పేలింది. కార్మికుడు సింహాద్రికి రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. అరుస్తూ వచ్చాడు. అక్కడే ఇంకో సూచిని బిగిస్తున్న ఏలియాకు తలుపు రెక్క ఎగిరొచ్చి పక్కటెముకల కింద తగిలింది. అతను నడిచే వచ్చాడు.

“నాకేం కాలేదు మేడం. ముందు అతన్ని చూడండి.”

“ఏలియా షాక్‌లోకి వెళుతున్నాడు,” అంది సూచి. “కడుపులో రక్తస్రావం కావచ్చు.”

నర్సు భాగ్య స్కానర్ అందుకుంది. “సార్‌ని చూడండి మేడం. ఈ చేతులు నేను చూసుకుంటాను.”

కాదంబరి ఏలియా నాడి పట్టుకుంది. కాస్త వేగం, అంతే. రక్తపోటు బాగానే ఉంది. వయసులో ఉన్న శరీరం, లోపల నెత్తురు పోతున్నా చాలాసేపు రక్తపోటును నిలబెట్టుకుంటుందని అతనికి నేర్పింది తనే. సింహాద్రికి ఊపిరి సాఫీగా ఆడుతోంది, నోట్లో మసి లేదు. చన్నీళ్లు, నొప్పికి మందు, కట్టు చాలు. అదీ తెలుసు.

“గోడ మాట్లాడినప్పుడల్లా పరిగెత్తక్కర్లేదు. కూర్చో ఏలియా,” అంది. సింహాద్రి చేతుల మీద నీళ్లు పోస్తూ నిలబడిపోయింది.

కాసేపటికి సూచి మళ్లీ పలికింది. “షాక్ లక్షణాలు ఇద్దరిలో ఉన్నాయి.”

“రెండో మనిషెవరు? సింహాద్రా?” అంది భాగ్య.

“కాదు. డాక్టర్ కాదంబరి. నాడి వేగం. చేతులు చల్లబడ్డాయి. నుదుట చెమట. రక్తస్రావం కనబడలేదు.”

కాదంబరి మనసు ఎగిరి గంతేసింది. ఇన్నాళ్లకు దొరికింది తప్పు. ఆ మాట అనబోతూ ఏలియా వైపు తిరిగింది. అతని పెదవులు పాలిపోయాయి. గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారుతున్నాడు.

కడుపు తెరిస్తే ప్లీహం చీలి ఉంది, లోపలంతా నెత్తురే. కాదంబరి రక్తస్రావం ఆపి కుట్లు వేసింది. ఏలియా బతికాడు.

లేచి కూర్చోగలిగిన రోజున అతను కొంచెం సిగ్గుపడుతూ అన్నాడు. “సూచి మీరు కూడా షాక్‌లో ఉన్నారందట. భాగ్య చెప్పింది. నా తప్పే మేడం. మనసు రగిలినా, నెత్తురు పోయినా శరీరం ఒకేలా మారుతుంది. ఆ తేడా దానికి నేర్పలేకపోయాను.”

ఆ ఒప్పుకోలు కోసమే ఆమె ఎదురుచూసింది. తలూపి వెళ్లిపోతే సరిపోయేది. కానీ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

“అది నాలో చూసింది నిజమే. నువ్వు తయారుచేసింది తప్పు కావాలని కోరుకున్నాను. నీకు స్కాన్ చెయ్యాలని తెలిసీ చెయ్యలేదు.”

ఏలియా కడుపు మీది కట్టును అరచేత్తో పట్టుకున్నాడు.

“ఎంతసేపు ఆగారు, మేడం?” అన్నాడు.

ఆమె ఒక్క నిమిషం కూడా తగ్గించకుండా చెప్పింది.