ఇత్తడి బకిళ్ల సంచి

మధ్యాహ్నం బాపు లోపల అన్నం తింటున్నాడు. దుకాణం కూతురు రాజేశ్వరి చేతికి వచ్చింది. తాళ్లు, గోనెలు, సంచులు అమ్మే చిన్న దుకాణమే. పదేళ్ల పిల్లే. కానీ గల్లా దగ్గర కూర్చుందంటే వరంగల్ బజారంతా తనదే అన్నట్టు ఉంటుంది.

అప్పుడే అరుణ వచ్చింది. ఇద్దరిదీ ఒకే క్లాసు.

"రేపు ఖిల్లా గుట్టకు నడిచిపోవాలె గదా. సంచి కొనుక్కొమ్మని మా అమ్మ పైసలిచ్చింది," అంది.

ఎవరి సద్ది, ఎవరి నీళ్లు వాళ్లే తెచ్చుకోవాలని పంతులమ్మ చెప్పింది. అరుణకు గుట్ట మీద ఇంకో పని కూడా ఉంది. పైనుంచి చూస్తే మిల్లు చిమ్నీ కనిపిస్తుందట. వాళ్ల బాపు ఆ మిల్లులోనే పని చేస్తాడు. చూసొచ్చి చెప్తానని తమ్ముడికి మాటిచ్చింది.

అరుణ ఒక కోరా గుడ్డ సంచి తీసి భుజాన వేసుకుంది. దాని పట్టీ నాలుగు వేళ్ల వెడల్పుంది. సంచి నడుము దగ్గర ఒదిగింది.

"గిది మంచిగున్నదే."

"గదెందుకే? గది బియ్యం తెచ్చుకునే సంచి," అని రాజేశ్వరి నవ్వింది. పైనున్న ఖాకీ సంచి దించింది. "గిది సూడు, మిలిటరీది! యుద్ధం అయిపోయినంక సికింద్రాబాద్‌ల వేలమేస్తే మా బాపు తెచ్చిండు."

ఇత్తడి బకిళ్లు తళతళలాడాయి. ఆ సంచి అంటే రాజేశ్వరికి ప్రాణం. తనకిమ్మని నెలరోజులు గునిసింది. అమ్మకపు సరుకు మీద ఇంట్లోవాళ్ల చెయ్యి పడొద్దన్నాడు బాపు. తనకు దొరకనిది అరుణకైనా ఉంటే, పక్కన నడుస్తూ మోజు తీర్చుకోవచ్చని ఆమె ఉపాయం.

అరుణ వేసుకుంది. సంచి మోకాళ్ల దాకా వేలాడింది.

"పట్టీ సన్నగున్నదే. భుజం కోసుకపోదా?"

"ఏం గాదు. సిపాయిలే మోసిన్రు, నీకేమైతది?"

దుకాణదారు బిడ్డ చెప్తే కాదనేదేముంది? అరుణ ఖాకీ సంచే కొనుక్కుపోయింది.

మర్నాడు అందరూ ఆ సంచి చుట్టూ మూగారు. రాజేశ్వరికి కాళ్లు నేల మీద నిలవలేదు. "మా దుకాణందే," అని అడగనివాళ్లకు కూడా చెప్పింది. తన భుజాన ఉన్నది అమ్మ పాత దుప్పటితో కుట్టిన సంచి. ఆ సంగతే మరిచిపోయింది.

ఖిల్లా దర్వాజా వచ్చేసరికి అరుణ వెనకబడింది. సంచిలో మరచెంబు నిండా నీళ్లు, సద్దిగిన్నె. అడుగడుక్కీ అవి మోకాలికి కొట్టుకుంటున్నాయి. సంచిని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ నడిచింది.

గుట్ట సగం ఎక్కేసరికి కూలబడింది.

"నువ్వు పోయే. నాతోని గాదు."

రాజేశ్వరి ఎక్కిపోయింది. వదిలి వెళ్లడం మంచిపని కాదని తెలుసు. అయినా వెళ్లింది.

పైన గాలి బాగుంది. దూరంగా మిల్లు చిమ్నీ పొగ వదులుతూ కనిపించింది. పిల్లలంతా వేళ్లు చాపి చూపించుకుంటున్నారు. చూడాల్సిన పిల్ల మాత్రం అక్కడ లేదు. రాజేశ్వరి కిందికి చూసింది. అరుణ సంచి పక్కన పెట్టి, రవిక మెడ పక్కకు లాగి, భుజం మీద ఊదుకుంటోంది.

రాజేశ్వరి గబగబా దిగింది. అరుణ భుజం మీద తోలు లేచిపోయి ఎర్రటి గీత పడింది.

"పట్టీ కోస్తదని నిన్న గట్టిగ ఎందుకు చెప్పలేదే?" అంది.

"దుకాణంల సంచి ఖాళీగుండె గదనే. నీకు ఎర్కేనేమో అనుకున్న."

రాజేశ్వరికి ఏడుపొచ్చింది. "నాకు గూడ తెల్వదే. బకిళ్లు సూసి ఇచ్చిన. తప్పు నాదే." ఆ సంచి తీసి తన భుజాన వేసుకుంది. "నువ్వు ఉరుకు. పంతులమ్మ దిగుమనకముందే సూడు."

అరుణ ఉత్త చేతులతో ఎక్కింది. కాసేపటికి పైనుంచి కేక వినిపించింది. "కనబడుతాందే! పొగ గూడ!"

తిరుగుదారిలో రెండు సంచులూ రాజేశ్వరే మోసింది. ఇల్లు చేరేసరికి తన భుజం మీదా గీత పడింది. బాపుకు జరిగిందంతా చెప్పింది. ఆయన ఒక మొట్టికాయ వేశాడు. అది తనకు రావలసిందే అనుకుంది. సాయంత్రమే అరుణకు కోరా సంచి ఇచ్చి, ఖాకీ సంచి వెనక్కి తీసుకున్నారు.

మర్నాడు వర్ధన్నపేట నుంచి మొండయ్య అనే రైతు వచ్చాడు.

"బిడ్డా, మా పిలగాడు రోజూ రెండు కోసుల దూరం నడిచి బడికి పోతడు. గా ఇత్తడి బకిళ్లది తియ్యి. మురుస్తడు."

బాపు తాళ్ల చుట్టలు సర్దుతూ ఇటే చూస్తున్నాడు.

"పిలగాడు ఎంతుంటడు పెద్దనాయనా?"

"నీ అంతనే."

రాజేశ్వరి తాళ్లు తూచే రెండు సేర్ల రాయి తీసి ఖాకీ సంచిలో వేసింది. "జర ఆగుండ్రి," అని భుజాన తగిలించుకుని ఎండలో బజారు మూల దాకా నడిచింది. తిరిగి వచ్చేటప్పుడు ఒక చేత్తో పట్టీని భుజం మీంచి ఎత్తి పట్టుకుని వచ్చింది.

రాయి తీసి కోరా సంచిలో వేసింది.

"రెండూ సంచులే గదా బిడ్డా?" అన్నాడు మొండయ్య.

ఆమె మళ్లీ బజారు మూల దాకా వెళ్లి వచ్చింది. ఈసారి ఆమె చెయ్యి భుజం మీదికి పోలేదు.

"గిది తీస్కపోండ్రి పెద్దనాయనా," అంది.