సొట్ట బ్యాటరీ

పొద్దున్నే మదన్‌మోహన్ బస్తా ముందు కూర్చుని అల్లం కొమ్ములు విరిచి చూస్తున్నాడు. జహీరాబాద్‌లో ఆయనకు పుచ్చు అల్లం అంటగట్టినవాడు లేడు. తెగని బేరమల్లా ఇంట్లోనే. ఏటా కొత్త అల్లం దించే వీధి గదిలో ఈసారి కూతురు స్నిగ్ధ దుకాణం తెరిచింది. కరెంటు ఆటోల పాత లిథియం బ్యాటరీలు పరీక్షించి, పనికొచ్చేవి మళ్లీ అమ్ముతుంది.

"అల్లం దిగుతున్నది బిడ్డా, గది ఖాళీ చెయ్."

"ఇంకొక్క ఏడాది ఆగు నాయినా!"

అంతలో చిరాగ్‌పల్లి ఆటో నడిపే నారమ్మ వచ్చింది. "బ్యాటరీ చచ్చిపోయింది స్నిగ్ధమ్మా. జర మంచిది చూసియ్యి."

బల్ల మీద రెండున్నాయి. ఒకటి నిగనిగలాడేది, ఒకటి సొట్టది. మదన్‌మోహన్ రెండింటికీ వోల్టేజీ చూసే మీటర్ పెట్టాడు. నిగనిగలాడేదే ఎక్కువ చూపించింది.

"గిదే ఇయ్యి. మీటర్ అబద్ధమాడుతదా?"

"నిండ చార్జి చేస్తే ఏదైనా గంతే చూపిస్తది నాయినా." స్నిగ్ధ లాప్‌టాప్ తిప్పింది. "వేల బ్యాటరీలు ఎట్ల నిండినయి, ఎట్ల దిగినయి, ఎంత కాగినయి, ఎప్పుడు పాడైనయి, అన్నీ చూసి నేర్చుకున్నది ఈ ఏఐ. ఈ మెరిసేదాంట్ల లోపలి సెల్లులు అలిసినయి, బరువు పడితే ఆగుతదంటున్నది. సొట్టదే రెండేండ్లు నడుస్తదట."

"గా డబ్బా నాకన్న హుషారా?"

వంటింట్లోంచి ఆయన భార్య భాగీరథి కేకేసింది. "కొట్లాట తర్వాత. ముందు నారమ్మను చాయ్ తాగనియ్యిండ్రి!"

నారమ్మ చాయ్ తాగి తేల్చేసింది. "నడిపేది నేను. బిడ్డ చెప్పిందే ఎక్కియ్యిండ్రి."

మదన్‌మోహన్ ముఖం ఎర్రబడింది. "అయితే గా మెరిసేది నా సరుకు ఆటోకెక్కియ్యి. అల్లం తోని ఇల్లు చేరితే గది నాది. చేరకుంటే గది మాట మల్ల ఎత్తను."

"బరువుతోని పోకు నాయినా, నీ కాళ్లు మొక్కుత!"

ఆయన వినలేదు.

చిరాగ్‌పల్లిలో బస్తాలెత్తుకుని వస్తుంటే, హైవే మీద మొదటి ఎత్తులోనే ఆటో ఆగిపోయింది. వెనక లారీలు హారన్లు మోగిస్తున్నాయి. నలుగురు కలిసి బండిని పక్కకు నెట్టారు. కాసేపటికి ఖాళీ ఆటోతో నారమ్మ వచ్చింది.

"ఏం సేటూ, మీటర్ ఏమంటున్నది?"

"నవ్వు, నవ్వు. ముందు బస్తాలెత్తు."

బస్తాల మధ్య ఆయన్ని కూర్చోబెట్టుకుని సొట్ట బ్యాటరీ ఆ ఎత్తును ఆయాసం లేకుండా ఎక్కేసింది. దారంతా మదన్‌మోహన్ ఇంటికెళ్తే కూతురు ఏమంటుందో, దానికేం జవాబివ్వాలో లెక్కేసుకుంటున్నాడు.

స్నిగ్ధ పరుగున ఎదురొచ్చింది. "దెబ్బలేమన్న తగిలినయా నాయినా?"

ఆ ఒక్క మాటకు ఆయన లెక్కంతా చెదిరింది. కూతురు ఎంత చోటు ఆక్రమించిందన్నదే ఇన్నాళ్లూ తూచాడు. కళ్లు చెమర్చాయి. బస్తాలోంచి ఒక కొమ్ము తీసి విరిచాడు.

"లోపల చూడందే అల్లం కొననోణ్ని, పై మెరుపు చూసి మోసపోయిన. నువ్వు విరవకుండనే లోపలిది చూసినవ్ బిడ్డా."

"మరి అల్లం ఎక్కడ దించాలె?" అంది భాగీరథి.

"పెరట్ల రేకుల కింద. గది బిడ్డది."

మర్నాడు పొద్దున్నే దుకాణం ముందు ఆటోలు బారులు తీరాయి. నారమ్మ ఊరంతా చెప్పేసింది మరి. ఒక డ్రైవర్ జేబులోంచి మీటర్ తీయబోతే మెట్ల మీద నిలబడ్డ మదన్‌మోహన్ గద్దించాడు.

"అది లోపల పెట్టు! నిన్న నన్ను రోడ్డు మీద నిలబెట్టింది గదే. మా బిడ్డ చూసి చెప్తది. లైన్ల నిలబడు!"