రాజమండ్రి అంత దూరమే

"టీ తాగండి," అంది సుబ్బాయమ్మ, గ్లాసు అరుగు మీద పెట్టి.

వెనకాల ఇంకెవరైనా వచ్చారేమోనని లక్ష్మీదుర్గ తిరిగి చూసింది. ఎవరూ లేరు. కన్నతల్లి తననే అండీ అంటోంది. ఏడేళ్ళు మస్కట్‌లో ఇంటిపని చేసి నిన్న సాయంత్రమే వచ్చింది దుర్గ. అప్పట్నుంచీ ఇదే వరస. స్నానం చెయ్యండి, పడుకోండి.

గోదావరి జిల్లాల వాళ్ళు దారికడ్డొచ్చిన దూడనైనా "తప్పుకోండి" అంటారని బయటివాళ్ళు వెక్కిరిస్తారు. వెక్కిరించుకోనివ్వండి. కానీ అంతర్వేది దగ్గరి ఈ పల్లెపాలెంలో కడుపున పుట్టిన కూతుర్ని అండీ అంటే అది మర్యాద కాదు, వెలివేయడం.

గోడ మీద తండ్రి సత్తియ్య ఫొటోకి దండ వేలాడుతోంది. ఆయన నిరుడు పోయాడు. దుర్గ రాలేదు. ఆ రోజు నుంచి తల్లి ఫోన్ దగ్గరికి కూడా రాలేదు.

పొద్దెక్కాక చేపల పులుసు, అన్నం వడ్డించి "తినండి" అనేసరికి దుర్గకి ఓపిక పోయింది.

"నాలుగు తన్నమ్మా, పడతాను. అండీ అనకు. నేనేం చేశాను?"

"మీరేం చేస్తారండి. రాజమండ్రి అంత దూరంలో ఉండి, తండ్రి పోతే రాలేకపోయారు." సుబ్బాయమ్మ గొంతు పెంచలేదు. "పొద్దుగుంకేదాకా ఆయన్ని ఎత్తనివ్వలేదు నేను. మూడు గంటల్లో దిగిపోద్ది, కడచూపు చూసుకోనివ్వండని అందరి కాళ్ళూ పట్టుకున్నాను. రెండుసార్లు బస్సుకి ఎదురెళ్ళాను."

"రాజమండ్రి అంత దూరమని ఎవరు చెప్పారమ్మా నీకు?"

గుమ్మంలో వల బాగుచేస్తున్న తమ్ముడు వీరబాబు చేతులు ఆగిపోయాయి.

"నేనేనక్కా. నువ్వెళ్ళిన రోజు అమ్మ అన్నం ముట్టలేదు. ఫోన్లో చూస్తే మస్కట్ నుంచి హైదరాబాద్‌కి విమానం మూడు గంటలేనని ఉంది. మన రాజమండ్రి బస్సంత సేపేనని చెప్పాను. అబద్ధం కాదు కదా."

అబద్ధం కాదు. ఆ ఓదార్పే ముసలిదాని గొంతులో చేపముల్లులా దిగబడింది.

"విమానం మూడు గంటలేనమ్మా," అంది దుర్గ. "నా పాస్‌పోర్టు ఆ ఇంటామె బీరువాలో ఉంటది. ఎంత బతిమాలినా, వేరే మనిషి దొరికాక వెళ్ళమంది. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చి, వచ్చి వాళ్ళకి వంట చేశాను. నువ్వు బెంగపడతావని వీడికీ చెప్పలేదు. సముద్రానికి అవతలుండి ఎలా వచ్చేది?"

"సముద్రమా?" సుబ్బాయమ్మ కొడుకు వైపు చూసింది. "ఇసక దేశం అన్నావు కదరా."

"ఇసకే. సముద్రం దాటాక," అన్నాడు వీరబాబు.

సుబ్బాయమ్మ చేతిలోని గరిటె గిన్నెలోకి జారిపోయింది. చేపల వేటకెళ్ళినవాడు ఎప్పుడొచ్చినా "ఎందుకింత సేపు" అని ఈ పాలెంలో ఏ ఆడదీ అడగదు. సముద్రం వదిలితే కదా రావడం. ముందు అన్నం పెడతారు. సత్తియ్యని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.

"సముద్రం అవతలున్న పిల్ల కోసమా నేను బస్సుకి ఎదురెళ్ళింది," అంది. పైట చెంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు. దుర్గ తల ఒళ్ళోకి లాక్కుంది. "మీ నాన్న మొహం నీకు చూపించలేకపోయాను. ఇంకెక్కణ్ణించి తేను?"

దుర్గ, తల్లి ఒళ్ళో చేపల వాసన పీల్చుకుంటూ ఏడ్చింది. వీరబాబు వల అక్కడే వదిలేసి బయటికెళ్ళిపోయాడు.

చాలాసేపటికి సుబ్బాయమ్మ కళ్ళు తుడుచుకుని, చల్లారిన కంచం కూతురి ముందుకు జరిపింది.

"తినవే," అంది.